కార్డుకెక్కని స్వరాలు

మిత్వల్లీ ఆ కార్డును ఉంగరాల దుకాణంలో ఇచ్చే ఎర్ర మఖమలు డబ్బీలో పెట్టుకుని మా ఇంటికి దిగి వచ్చాడు. అతనిది మా పై అంతస్తు. పెళ్ళిళ్ళలో ఓర్గ్ వాయిస్తాడు. మెట్ల వరుస, తెర, దరువులు అన్నీ ఒకే పెట్టెలో ఇమిడి ఉండే ఎలక్ట్రానిక్ కీబోర్డును మా నైలు డెల్టాలో అందరూ ఓర్గ్ అనే అంటారు. మా తల్ఖా పట్టణంలో ఇవాళ పిల్లల్ని బడికి పంపుతున్న తల్లిదండ్రుల్లో చాలామంది అతని వాయిద్యం వెంట ఊరేగి దంపతులైనవారే. వెనకాలే అతని భార్య ఇన్షిరాహ్ కూడా వచ్చింది. ఆమె చేతిలో తడి గరిటె ఉంది. ఏదో వంట సగంలో వదిలి వచ్చిందని అర్థమైంది.

"మాస్టారూ, మీ కంప్యూటర్ ఖాళీయేనా?" అన్నాడు మిత్వల్లీ.

"అది ఖాళీయే. నేనే ఖాళీగా లేను, చదువుకుంటున్నాను."

"పదవీ విరమణ చేశాక కూడా ఏం చదువులండీ. ఎవరు పరీక్ష పెడతారు మీకు? పుస్తకం మూసి ఇలా చూడండి. ఇది చచ్చిపోతోంది."

డబ్బీ తెరిచాడు. గోరంత నల్లటి మెమరీ కార్డు. ముందురోజు సాయంత్రం ఒక పెళ్ళిలో, వధువు కారు దిగి నడుస్తుండగా దరువు ఉన్నట్టుండి ఆగిపోయిందనీ, తెర మీద ఏదో పరాయి భాష వాక్యం కనిపించి వాద్యం బిగుసుకుపోయిందనీ చెప్పాడు. జనరేటర్‌ను తిట్టి, కార్డు తీసి, మళ్ళీ దూర్చి, ఎలాగో గండం గట్టెక్కాడు. ఇంటికి వచ్చాక మరోసారి అలాగే అయింది.

ఆ కార్డు పోతే నిజంగా ఏం పోతుందో మా ముగ్గురికే తెలుసు. ఇంకొకరికి తెలిస్తే అది వైద్యుడికి. రెండేళ్ళ క్రితం మెదడులో రక్తం గడ్డకట్టి మిత్వల్లీ కొన్ని వారాలు మంచాన పడ్డాడు. నడక తిరిగి వచ్చింది, మాట వచ్చింది, ఎడమచేతి వేళ్ళు మాత్రం రాలేదు. చెయ్యి లేస్తుంది, ఏదైనా పెడితే పట్టుకుంటుంది, కానీ ఒక్కో వేలూ విడిగా కదలమంటే కదలదు. పెళ్ళి ఓర్గ్‌లో ఎడమచెయ్యే ఇల్లు మోసే గోడ. మంద్రమూ, దరువు మార్పులూ, పాట చరణాల మధ్య తీగవాద్యాల జవాబులూ అన్నీ దాని బాధ్యత. అదృష్టవశాత్తూ మిత్వల్లీ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే తన పాటలన్నింటికీ ఆ భాగాన్ని వాయించి కార్డులో దాచుకున్నాడు. ఇప్పుడు వేదిక మీద అతని ఎడమచెయ్యి మెట్ల మీద ఊరికే ఆని ఉంటుంది. కుడిచెయ్యి వాయిస్తుంది. ఎడమచెయ్యి ఒకప్పుడు వాయించినది కార్డులోంచి వినిపిస్తుంది. సంగతి బయటపడితే పెళ్ళివారు ఇంకొకరిని పిలుచుకుంటారు. కాబట్టి ఆ కార్డు అతని ఎడమచెయ్యి. ఈ మాట నేను అలంకారానికి అనడం లేదు. అందులోని పాటలకు నకలు లేదు. కార్డు పోతే మళ్ళీ వాయించి నింపుకోవడానికి చెయ్యీ లేదు.

"ఇన్నాళ్ళూ నకలు ఎందుకు తీసుకోలేదు?" అని అడిగాను.

"నకలు తీయాలంటే ఎవడి చేతికో ఇవ్వాలి. ఓర్గ్ వాయించేవాడు కార్డు ఇచ్చాడంటే ఇంటి తాళాలు ఇచ్చినట్టు కాదు మాస్టారూ, ఇంటి పేరు రాసిచ్చినట్టు."

ఆ వృత్తిలో అది నిజమే. పాటలు అందరివీ; ఆ పాటలను ఎలా అమర్చుకున్నాడన్నదే ఒక్కొక్కరి సొత్తు. పెళ్ళి అయిపోగానే కార్డు తీసి చొక్కా లోపలి జేబులో వేసుకున్న తరువాతే మా ఓర్గ్ వాళ్ళు భోజనానికి కూర్చుంటారు.

కార్డును కంప్యూటర్‌లో పెట్టాను. కాసేపు ఆలోచించి అది ఒక ప్రశ్న వేసింది. ఈ కార్డును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలట, చేయమంటారా అని.

"చేయమనండి మాస్టారూ, పాపం ఎంత మర్యాదగా అడుగుతోంది," అంది ఇన్షిరాహ్. బిడ్డ పేరు మీద ఆమెను మేము ఉమ్మ్ సఫా, అంటే సఫా తల్లి అని పిలుస్తాం.

"ఉమ్మ్ సఫా, ఇల్లు ఊడ్చి పెట్టనా అని మర్యాదగా అడిగి, మంచాలతో సహా సామానంతా వీధిలో పారేసే మనిషిని పనికి పెట్టుకుంటావా?"

"అంత పని చేస్తుందా ఇది?"

"నవ్వుతూ చేస్తుంది."

మిత్వల్లీ చెయ్యి చాచి కార్డు తీసేసుకున్నాడు. ఎలా తీయాలో చెప్పేంతలోపే తీసేశాడు. ఆ వాద్యం పాతది. కార్డులో తనకు మాత్రమే అర్థమయ్యే పద్ధతిలో రాసుకుంటుంది. కంప్యూటర్ కంటికి అది రాత కాదు, ఖాళీ కాగితం. నకలు తీయడానికి ఒక్కటే దారి. వాద్యంలో కార్డు పెట్టి పాటలను దాని లోపలి జ్ఞాపకంలోకి ఎక్కించాలి. కార్డు మార్చి, కొత్తదానిలోకి దింపాలి. అయితే దోషం కార్డుదో, కార్డు దూర్చే గూటిదో తేలలేదు. గూటిదే అయితే అందులో పెట్టిన కొత్త కార్డూ పాడవుతుంది, పాతదానికీ ఇంకో గాయం తగులుతుంది.

"దోషం రెండింటిదీ కాదు," అంది ఇన్షిరాహ్. "కన్ను తగిలింది. ఎవరి కన్నో కూడా నాకు తెలుసు. దిష్టి తగలకుండా వాద్యానికి కట్టిన నీలిపూస తెగి పడ్డ రోజే అనుకున్నాను."

కంటిలోంచి ఏదీ బయటికి రాదనీ, వెలుతురు లోపలికి వెళ్ళడం మాత్రమే జరుగుతుందనీ నేను భౌతికశాస్త్రం తరగతిలో ఉద్యోగకాలమంతా చెప్పాను. పిల్లలు పరీక్షలో సరిగ్గానే రాసేవారు. ఇంటికి వెళ్ళి తమ్ముడికి జ్వరం వస్తే నిప్పుల మీద పటిక వేసి దిష్టి తీసే తల్లికి సాయం చేసేవారు. అందుచేత ఇన్షిరాహ్‌తో వాదించలేదు.

"ఇదే రకం వాద్యం ఇంకొకటి దొరికితే తేలిపోతుంది," అన్నాను. "అందులో కార్డు సవ్యంగా నడిస్తే తప్పు నీ గూటిది. అక్కడే నకలు కూడా తీసుకోవచ్చు. ఎవరి దగ్గరుంది?"

ఈ రకం తయారీ ఆగిపోయి చాలా కాలమైంది.

"గినేదీ దగ్గరుంది," అంది ఇన్షిరాహ్.

"ఈ ఇంట్లో ఆ పేరెత్తకు."

"ఇది నా ఇల్లు మిత్వల్లీ," అన్నాను.

గినేదీ ఒకప్పుడు అతని శిష్యుడే. వాద్యాలు మోసి, తీగలు చుట్టి, పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. గురుశిష్యులిద్దరూ కైరోలో ఒకే దుకాణంలో, ఒకే రోజున, ఒకే రకం వాద్యాలు కొన్నారు. తరువాత గినేదీ నైలు వంతెన దాటి అవతలి ఒడ్డున మన్సూరాలో సొంతంగా మొదలుపెట్టాడు. అక్కడొక పెద్ద పెళ్ళిలో, మిత్వల్లీ అతిథిగా వెళ్ళిన చోట, మిత్వల్లీ కూర్చిన ప్రవేశగీతాన్ని పేరు చెప్పకుండా వాయించాడు. మిత్వల్లీ వేదిక ఎక్కి, మైకు లాక్కుని, నిండు పందిట్లో అతన్ని దొంగ అన్నాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"వాడి పెట్టెలో పెడితే నా పాటలన్నీ వాడి పొట్టలోకి పోతాయి," అన్నాడు మిత్వల్లీ. "చెయ్యి సంగతి కూడా కనిపెడతాడు. గురువారం నాటికి డెల్టా అంతా పాకుతుంది."

"గురువారం నువ్వు వాయించే పెళ్ళిలో ఇది మళ్ళీ ఆగితే పాకదా?" అంది ఇన్షిరాహ్. "నీకు రోషం కావాలా, చెయ్యి కావాలా? రెండూ ఉంచుకునే వయసు దాటిపోయింది. మాస్టారూ, మీరు కూడా వెళ్ళండి. దారిలో ఈయన దిగి పారిపోతాడు." గరిటె చూసుకుని, "నా ములూఖియా కూర అడుగంటింది," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే మైక్రోబస్సు ఎక్కాం. దారిలో రెండు కొత్త కార్డులు కొన్నాను. ఒకటి చాలదా అన్నాడు మిత్వల్లీ. ఒకటి ఉందంటే ఒకటీ లేనట్టే అనుకోవాలని చెప్పాను. మంచి ఎండలో అతను కోటు తొడుక్కున్నాడు. ఎడమచెయ్యి కోటు జేబులో ఉంది.

గినేదీ ఇల్లు ఒక రొట్టెల కొట్టు మీద. తలుపు తీసినవాడు భారీ మనిషి, జుట్టుకు రంగు, కాళ్ళకు ఇంటి చెప్పులు. మిత్వల్లీని చూసి తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మాస్టారూ," అన్నాడు నాతో, నేనెవరో తెలిసినట్టే, "కిందికి వెళ్ళి నైలు ఎటు పారుతోందో ఒకసారి చూసి వస్తారా?"

"సవ్యంగానే పారుతోంది," అన్నాను. "మాకే తిరగబడింది."

"రా, ఉస్తా," అన్నాడు. పనిలో తనకన్నా పెద్దవాణ్ణి పిలిచే ఆ మాట అనాలని అనలేదు, నోటికి అలవాటై వచ్చేసింది. ఆ సంగతి ముగ్గురం గమనించాం.

అతని ఓర్గ్ గది మధ్యలో బల్ల మీద ఉంది. దాని మీద కప్పిన అల్లిక గుడ్డ తీసి మడతపెట్టాడు. విషయం నేనే చెప్పాను: కార్డు మొరాయిస్తోంది, గూటిని అనుమానిస్తున్నాం, ఇక్కడ నకలు తీసుకుని వెళ్ళిపోతాం. చెయ్యి గురించి ఏమీ చెప్పలేదు. మిత్వల్లీ దూరంగా గోడ దగ్గర సోఫాలో కోటు విప్పకుండా కూర్చున్నాడు.

"దొంగ ఇంటికి సరుకు మోసుకొచ్చి దాచమంటున్నారా," అన్నాడు గినేదీ.

"దాచమనలేదు, చూపించమన్నాం," అన్నాడు మిత్వల్లీ గోడతో.

"చలేస్తోందా ఉస్తా? కిటికీ మూయనా?"

"నా చలి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు పని చూడు."

గినేదీ కార్డు తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, గూట్లో పెట్టాడు. తెర వెలిగింది. పాటల వరుస తడబాటు లేకుండా వచ్చింది. అంటే తప్పు మిత్వల్లీ వాద్యం గూటిదే. పాటలు లోపలికి ఎక్కాయి; కొత్త కార్డు పెట్టాడు, దిగాయి; రెండోదానిలోకీ దిగాయి. ఇంతకాలం ఇన్ని జాగ్రత్తలతో కాపాడుకున్నది నేను ఒక గ్లాసు టీ తాగేలోపు మూడైంది. నా దృష్టిలో పని పూర్తయింది. లేచి నిలబడ్డాను కూడా.

"ఒకటి వినిపించు," అన్నాడు మిత్వల్లీ.

గినేదీ కొత్త కార్డులోంచి ఒక ఊరేగింపు పాట ఎంచుకుని మీట నొక్కాడు. దరువు మొదలైంది, సరిగ్గానే ఉంది. మంద్రం వచ్చింది, సరిగ్గానే ఉంది. అప్పుడు తీగవాద్యాల జవాబు వచ్చింది. సంగీతం తెలియని నాకే ఒళ్ళు జలదరించింది. పాట అదే, కానీ మా భాషను పుస్తకంలో చూసి నేర్చుకున్న పరదేశి ఎవరో పాడుతున్నట్టుంది. ఒక్కో చోట స్వరం ఉండవలసిన ఎత్తుకన్నా కొంచెం పైన నిలబడుతోంది.

మిత్వల్లీ సోఫాలోంచి లేచాడు. "ఏం చేశావురా దానికి?"

"ఏమీ చేయలేదు."

"ఏమీ చేయకపోతే ఇలా ఉంటుందా? ఇది నా పాటేనా? హోటల్లో పర్యాటకులకు వాయించే వెధవ ఈల ఇది. మాస్టారూ, నేను చెప్పానా లేదా? నకలు కాదు, వీడు పాటల గొంతు నులిమాడు. మొదటి కార్డు పెట్టు. అది కూడా పాడు చేశావేమో చూస్తాను."

మొదటి కార్డు పెట్టారు. అందులోనూ పాట అలాగే వచ్చింది. మిత్వల్లీ ముఖంలో రక్తం దిగిపోయింది. కోపంగా ఉన్నంతసేపు ఎవరో ఒకరి మీద నెట్టే వీలుంది. ఇప్పుడు అతని ముందు కనిపిస్తున్నది నకలు చెడిపోవడం కాదు, అసలు కార్డే చెడిపోవడం. సోఫా చేతిని కుడిచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. రెండేళ్ళ క్రితం ఆసుపత్రిలో అతని ముఖం ఇలాగే ఉండేది.

గినేదీ కోపంతో వాద్యం ఆపేయబోయాడు. ఆగమన్నాను. ఒకరినొకరు తిట్టుకోవడం వల్ల ఏ యంత్రమూ బాగుపడినట్టు నేను చదవలేదు. "ఇంకో పాట పెట్టు," అన్నాను. "తరువాత మరొకటి. తప్పు అన్నింటిలో ఉందా, కొన్నింటిలోనే ఉందా?"

ఒక్కొక్కటే వినిపించాడు. కొన్ని పాటలు పూర్తిగా సవ్యంగా ఉన్నాయి. కొన్నింటిలో మాత్రమే ఆ పరదేశి ఉచ్చారణ. కార్డు పుచ్చిపోతే దరువూ పుచ్చాలి, మంద్రమూ పుచ్చాలి. ఎంచి ఎంచి ఒక్క రకం స్వరాలనే కొరికే పురుగు ఉండదు. కన్నుకు కూడా అంత సంగీత జ్ఞానం ఉండదు. "సరిగ్గా ఉన్నవాటికీ లేనివాటికీ తేడా ఏమిటి?" అని అడిగాను.

గినేదీ జవాబు చెప్పబోయి ఆగాడు. మిత్వల్లీ వైపు చూశాడు, వాద్యం వైపు చూశాడు. ఉన్నట్టుండి బొజ్జ కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"బొత్తాలు," అన్నాడు. "ఉస్తా, బొత్తాలు ఎవరు నొక్కారు?"

మా సంగీతానికి రెండు మెట్ల మధ్య ఎక్కడో ఉండే స్వరాలు కావాలి. ఐరోపా వాళ్ళ మెట్లలో అవి లేవు. అందుకని మా కోసం తయారు చేసిన వాద్యాల మీద ఎడమవైపున, మెట్లకు పైగా, ఒక వరుస చిన్న బొత్తాలుంటాయి. ఏ స్వరం బొత్తం నొక్కితే ఆ స్వరం కొంచెం దిగి ఆ మధ్య చోటులో నిలబడుతుంది. ఏ రాగానికి ఏ బొత్తాలో వాయించేవాడు పాట మొదలుపెట్టే ముందు నొక్కుకుంటాడు. మిత్వల్లీ ఆ పని ఎన్ని వేలసార్లు చేశాడంటే, గుమ్మంలో చెప్పులు విడిచినట్టు, చేస్తున్నానన్న స్పృహే లేదు. ఇప్పుడు ఎడమచేతికి బదులు కుడిచెయ్యి అటు వెళ్ళి నొక్కి వస్తోంది. అది కూడా అతనికి తెలియదు. ఇవాళ మొదటిసారి సోఫాలో కూర్చుని, ఇంకొకరు మీట నొక్కగా తన పాట విన్నాడు. కార్డులో ఎన్నడూ పూర్తి పాట లేదు. పూర్తి చేసేది అతని వేళ్ళు.

గినేదీ రెండు బొత్తాలు నొక్కి, ఊరేగింపు పాట మళ్ళీ పెట్టాడు. తీగల జవాబు ఈసారి సొంత ఊరి మనిషిలా వచ్చింది.

మిత్వల్లీ కళ్ళు మూసుకున్నాడు. "అల్లా నీ ఇంటిని చల్లగా చూడాలి," అని గొణిగాడు. వెంటనే సర్దుకుని, "ముందే నొక్కాలని తెలియదా? ఇదేనా నేను నేర్పింది?" అన్నాడు.

"సోఫాలో సుల్తానులా కూర్చుంది ఎవరు మరి?"

పాట సాగుతోంది, ఎవరూ ఆపలేదు. రెండో చరణం తరువాత తీగలు కొత్త దారి పట్టాయి, మళ్ళీ ఆ పరాయి స్వరం తగిలింది. పాట అక్కడ రాగం మారి, దుఃఖపు ఛాయలోకి తిరుగుతుంది. అంటే వాయిస్తూనే ఒక బొత్తం వదిలి, ఇంకొకటి నొక్కాలి. కుడిచెయ్యి పాట వదిలి రాలేదు. గినేదీ ఏమీ అనకుండా చెయ్యి చాచి ఆ క్షణానికి ఆ రెండు బొత్తాలూ మార్చాడు. పాట మలుపు తిరిగింది. గదిలో ఏదో బరువైనది దిగినట్టయింది. మరి కాసేపటికి బొత్తాలు మళ్ళీ మార్చాడు. పాట తిరిగి వెలుతురులోకి వచ్చింది, అయిపోయింది.

మిత్వల్లీ ఆ మలుపు విని రెండేళ్ళయింది. నేను పెళ్ళిళ్ళకు వెళ్ళేది తక్కువ. వెళ్ళినా నాకు తేడా తెలియదు. ఆ మలుపు వచ్చే చోటుకు ముందే అతను పాట ముగించేస్తున్నాడని అప్పుడే తెలిసింది.

"రెండేళ్ళ నుంచి ఇక్కడ తిప్పడం మానేశావు," అన్నాడు గినేదీ, బొత్తాల వైపే చూస్తూ. "మా వాళ్ళంతా ముసలాడికి బద్ధకం పెరిగింది, డబ్బు చాలు, సంగీతం వద్దనుకుంటున్నాడు అన్నారు. నేనూ అందామనుకున్నాను. కిందటి వేసవిలో వంతెన అవతల నీ పందిరి వెనకాల కాసేపు నిలబడ్డాను."

"దొంగలా."

"దొంగలాగే. నీ ఎడమచెయ్యి చూశాను. మెట్ల మీద పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంది. ఇంటికొచ్చి మా ఆవిడక్కూడా చెప్పలేదు."

కింద కొట్టులోంచి కాలిన నువ్వుల వాసన వస్తోంది. "ఎందుకు చెప్పలేదు?" అన్నాడు మిత్వల్లీ. "చెబితే నా పెళ్ళిళ్ళన్నీ నీకొచ్చేవి."

"వచ్చేవి," అన్నాడు గినేదీ. "మనసులో లెక్క కూడా వేసుకున్నాను. నేనేం వలీనో మహాత్ముణ్ణో కాదు. నోరు రాలేదు, అంతే. బొత్తాలు ఎక్కడ నొక్కాలో నా వేలు పట్టుకుని చూపించింది ఆ చెయ్యే కదా."

ఇక్కడ నేను కలుగజేసుకోవలసి వచ్చింది. నొక్కిన బొత్తాలను కూడా పాటతో పాటు రాసుకునే వీలు ఆ వాద్యంలో ఉందా అని అడిగాను. ఉందన్నాడు గినేదీ. రాసుకోమంటే రాసుకుంటుంది, ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. చెయ్యి ఉండగా ఆ అవసరమేముంది? అయితే పాటలన్నీ మళ్ళీ మొదటినుంచి నడిపించి, మలుపు వచ్చినప్పుడల్లా బొత్తాలు మార్చి, కొత్తగా దాచాలి. అప్పుడు కార్డులో ఉండేది పూర్తి పాట. మిత్వల్లీ కుడిచేత్తో వాయిస్తే చాలు, మలుపులు అవే తిరుగుతాయి.

"బొత్తాలు ఎవరు నొక్కుతారు?" అన్నాడు మిత్వల్లీ, జవాబు తెలిసే.

"రొట్టెల కొట్టువాణ్ణి పిలుద్దాం," అన్నాడు గినేదీ.

మిత్వల్లీ ఏం తూచుకుంటున్నాడో నాకు తెలుసు. ఇప్పటిదాకా గినేదీ పెట్టెలోకి ఎక్కింది సగం పాటలే. బొత్తాలతో సహా కూర్చుని నింపితే మలుపులతో సహా మొత్తం అతని సొంతమవుతుంది. నింపకపోతే మిత్వల్లీ మలుపులు లేని ముసలాడుగానే మిగిలిపోతాడు.

"నాకో షరతుంది," అన్నాడు గినేదీ.

"అనుకున్నాను."

"గురువారం పెళ్ళిలో మైకులో నాకు సలాం చెప్పాలి. పేరు పెట్టి. దొంగ అన్నది మైకులోనే కదా."

మా పెళ్ళిళ్ళలో మైకులో పేరు చదివి సలాం చెప్పించుకోవడం కన్నా పెద్ద సత్కారం లేదు. దానికోసం అన్నదమ్ములు కొట్టుకున్న సందర్భాలు నాకు తెలుసు. మిత్వల్లీ గడ్డం గోక్కున్నాడు.

"'నా శిష్యుడు గినేదీకి సలాం' అంటాను."

"శిష్యుడేమిటి ఉస్తా, నాకు మనవడు పుట్టాడు."

"'నా పాత శిష్యుడు'."

"పాత చెప్పులా? 'ఉస్తా గినేదీకి సలాం' అను."

"ఆ మాట నా నోట్లోంచి రావాలంటే ఇంకో గడ్డ కట్టాలి."

"అయితే సోఫాలోనే కూర్చో. మాస్టారు నొక్కుతారు బొత్తాలు."

నాకు ఆ సామర్థ్యం లేదని ఇద్దరికీ గుర్తు చేశాను. కాసేపు బేరం నడిచింది. వంశాల ప్రస్తావన వచ్చింది, తొలి పెళ్ళి కచేరీల్లో ఇద్దరూ చేసిన తప్పులు వచ్చాయి. ఆఖరికి మిత్వల్లీ, "'మన్సూరా ఉస్తా గినేదీ' అంటాను," అన్నాడు. "మన్సూరా వరకే. తల్ఖాకి కాదు."

"వంతెన ఎవరిది?"

"వంతెన ప్రభుత్వానిది."

గినేదీ ఒప్పుకున్నాడు. కుర్చీ తెచ్చి వాద్యం కుడివైపున వేశాడు. ఎడమవైపు తను నిలబడ్డాడు. మిత్వల్లీ కోటు విప్పడానికి ఇబ్బంది పడుతుంటే, అడక్కుండా, చూడనట్టు చూస్తూ, ఎడమ భుజం దగ్గర కోటు చెయ్యిని లాగి తీసేశాడు. మొదటి పాట నడిపించారు, దాచారు. రెండోది నడిపించారు. మలుపు దగ్గర ఇద్దరూ ఒకేసారి ఊపిరి బిగబట్టేవారు. అప్పటికి పూర్తయినవాటిని నేను రెండు కొత్త కార్డుల్లోకీ దింపించాను. ఒకదాన్ని మఖమలు డబ్బీలో పెట్టాను.

"నా పెట్టెలోవి తుడిచేయనా?" అన్నాడు గినేదీ తెర చూపిస్తూ. కుతూహలం దాచుకోవడం అతనికి చేతకాదు.

మిత్వల్లీ తెర వైపు చూశాడు. ఇంత ఆలోచన అతను కార్డు ఇచ్చేటప్పుడు కూడా చేయలేదు.

"రెండో కార్డు కూడా వీడి దగ్గరే ఉండనీయండి మాస్టారూ," అన్నాడు నాతో. "మా ఇల్లు కాలిపోతే ఎక్కడికి పరిగెత్తాలో తెలియాలి కదా." తరువాత గినేదీ వైపు తిరిగాడు. "వాయించుకో. కానీ ఆ మలుపులో స్వరం దించకుండా దొర్లించావని విన్నానంటే, ఏ పందిరైనా సరే, మళ్ళీ మైకు లాక్కుంటాను."

"లాక్కో. ఒంటిచేత్తో ఎలా లాక్కుంటావో నేనూ చూస్తాను."

ఒక్క క్షణం నాకు భయమేసింది. మిత్వల్లీ నోరు తెరిచాడు, మూశాడు, నవ్వాడు. ఆ చేతి మీద ఎవరైనా హాస్యమాడడం రెండేళ్ళలో అదే మొదలు.

ఫోను మోగింది. ఇన్షిరాహ్. గొంతు గదంతా వినిపించింది. "బతికిందా లేదా? నీలిపూస కొత్తది కట్టాను, పటిక కూడా వేశాను."

"బతికింది," అన్నాడు మిత్వల్లీ. "భోజనానికి చూడకు, ఇంకా చాలా పాటలున్నాయి. వీడు మలుపులన్నీ తప్పు నొక్కుతున్నాడు, ఒక్కొక్కటీ సరిదిద్దాలి."

గినేదీ ఒక్కటి కూడా తప్పు నొక్కలేదు. అయినా అతను అభ్యంతరం చెప్పకుండా ఫోను వైపు వంగి, "ఉమ్మ్ సఫా, నీ మొగుడు నా ప్రాణం తీస్తున్నాడు. రేపు ఇతను మళ్ళీ వచ్చేటప్పుడు ములూఖియా పంపు," అన్నాడు.

"అడుగంటింది," అంది ఇన్షిరాహ్.

"పరవాలేదు, అదే పంపు," అన్నాడు గినేదీ. ఆ తరువాత మూడో పాటకు బొత్తాలు నొక్కాడు.